ముఖం కనిపించని పునీతురాలు: మదెర్నో చెక్కిన సిసీలియా

రోములో టైబర్ నది దాటితే ట్రాస్టెవెరే అనే పాత పేట వస్తుంది. అక్కడి సాంతా చెచీలియా బసిలికా అనే పెద్ద చర్చిలో, ప్రధాన బలిపీఠం కింద నల్లరాతి గూడు ఒకటి ఉంది. అందులో తెల్లటి పాలరాతితో చెక్కిన ఒక యువతి కుడిపక్కకు ఒత్తిగిలి పడి ఉంటుంది. మోకాళ్లు కాస్త ముడుచుకుని ఉన్నాయి. రెండు చేతులూ ముందుకు జారిపోయాయి. ఒళ్లంతా మన వైపే ఉంది గానీ తల మాత్రం అవతలికి, నేలవైపుకు మెలితిరిగిపోయింది. తలకు చుట్టిన గుడ్డ, దాని కింద మెడ, మెడ మీద ఒక కోత కనిపిస్తాయి. ముఖం కనిపించదు. స్టెఫానో మదెర్నో అనే శిల్పి 1600 ప్రాంతంలో చెక్కిన ఈ విగ్రహం పునీత (సెయింట్) సిసీలియాది.

భక్తుల కోసం చేసిన విగ్రహంలో ముఖం దాచేయడం మామూలు సంగతి కాదు. గుడిలోనైనా చర్చిలోనైనా దండం పెట్టేవాళ్లు ముందు వెతికేది కళ్లనే. ఆ చూపే లేకుండా నాలుగు వందల ఏళ్లుగా ఈ శిల్పం రోములో బాగా ఆదరణ ఉన్న వేదసాక్షి (విశ్వాసం కోసం ప్రాణాలిచ్చినవాళ్ల) ప్రతిమల్లో ఒకటిగా నిలిచింది. దానికి కారణం పనితనం ఒక్కటే కాదు. క్యాథలిక్ కళ పునీతులను గుర్తుపట్టించే పాత పద్ధతిని మదెర్నో దాదాపు మొత్తం పక్కన పెట్టి, ఆ చోట సాక్ష్యాన్ని తెచ్చి పెట్టాడు.

ముందు ఆ పాత పద్ధతి గురించి. మొదటి శతాబ్దాల క్రైస్తవుల ముఖాలు ఎలా ఉండేవో ఎవరికీ తెలియదు. అందుకే చిత్రకారులు, శిల్పులు గుర్తుల మీద ఆధారపడ్డారు. శంఖచక్రాలు చూసి విష్ణువని పోల్చుకున్నట్టే, ఇనపకమ్మీల చట్రం పట్టుకున్నవాడు లారెన్స్ అని, మేకుల చక్రం పక్కన నిలబడ్డది అలెగ్జాండ్రియా కేథరిన్ అని, గొర్రెపిల్ల ఉంటే ఆగ్నెస్ అని, పళ్లెంలో రెండు కళ్లు పెట్టుకుని ఉంటే లూసీ అని జనం చెప్పేసేవారు. ఏ హింసతో చంపారో ఆ పనిముట్టే చాలాసార్లు ఆ పునీతుడి చిహ్నం అయిపోయింది. చేతిలో మట్ట ఉంటే వేదసాక్షి అన్నమాట. మట్టల ఆదివారం నాడు చర్చిలో పట్టుకునే ఆ మట్టే చావు మీద గెలుపుకు గుర్తు. తల వెనుక పరివేషం, అంటే కాంతివలయం, ఎలాగూ ఉంటుంది. సిసీలియాకు కూడా ఇలాంటి సరంజామా అంతా సిద్ధంగానే ఉంది: ఆర్గన్ వాద్యం, గులాబీలు లిల్లీలు కలిపి అల్లిన కిరీటం, దాన్ని తెచ్చే దేవదూత. మదెర్నో శిల్పంలో వీటిలో ఒక్కటీ లేదు.

ఈ గుర్తులన్నీ పుట్టింది ఐదో శతాబ్దంలో రాసిన ఆమె కథ నుంచి. సిసీలియా రోములో గొప్పింటి పిల్ల. కన్యగా ఉండిపోవాలని దేవుడికి మొక్కుకుంది. ఇంట్లోవాళ్లు వలేరియన్ అనే యువకుడికిచ్చి పెళ్లి చేశారు. పెళ్లిరోజు రాత్రి, తనను ఒక దేవదూత కాపలా కాస్తున్నాడని ఆమె భర్తతో చెప్పింది. నేనూ చూడాలన్నాడు అతను. ముందు జ్ఞానస్నానం పొందమని పోప్ అర్బన్ దగ్గరికి పంపింది. అతను తిరిగొచ్చేసరికి దేవదూత నిజంగానే అక్కడున్నాడు, ఇద్దరికీ పూలకిరీటాలు పెట్టాడు. వలేరియన్ తమ్ముడు టిబూర్షియస్ కూడా క్రైస్తవుడయ్యాడు. అన్నదమ్ములిద్దరినీ చంపేశారు. ఆ తరువాత సిసీలియా వంతు. ఆమె ఇంట్లోనే ఉన్న వేడినీటి స్నానాల గదిలో పెట్టి, ఊపిరాడక చనిపోయేలా కింద మంట ఎగదోశారు. ఆమె చనిపోలేదు. అప్పుడు తలారిని పంపారు. వాడు మూడు వేట్లు వేసినా తల తెగలేదు. నాలుగో వేటు చట్టం ఒప్పుకోదు. అలా సగం తెగిన మెడతో మూడు రోజులు బతికి, ఆస్తిని పేదలకు పంచి, ఇంటిని చర్చిగా మార్చమని పోప్‌కు అప్పగించి కన్నుమూసింది.

కథగా ఇది బాగా కుదిరింది. చరిత్రగా చూస్తేనే చిక్కు. రోములో వేదసాక్షుల స్మరణ దినాలను నమోదు చేసిన 354 నాటి పాత జాబితాలో సిసీలియా పేరు లేదు. చర్చికి స్థలమిచ్చిన సిసీలియా అనే సంపన్నురాలే కాలక్రమంలో పునీతురాలిగా మారి ఉండవచ్చని కొందరు చరిత్రకారుల ఆలోచన. అయినా ఆరాధనలో ఆమె స్థానం పాతదే, గట్టిదే. దివ్యబలిపూజలో చదివే రోము ప్రార్థనలో అగాథ, లూసీ, ఆగ్నెస్‌ల తరువాత సిసీలియా పేరు ఉంటుంది. ఆమె పండుగ నవంబరు 22న.

శిల్పానికి వస్తే, మనకు కావలసిన తేదీలు రెండు. ఒకటి 821. పోప్ మొదటి పాస్కల్ నగరం బయటి భూగర్భ సమాధుల్లో ఉన్న వేదసాక్షుల అవశేషాలను ఊళ్లోకి తెస్తున్న కాలమది. సిసీలియా కలలో కనిపించి తన జాడ చెప్పిందని, ఆ తరువాతే ఆమె దేహం దొరికిందని ఆనాటి పోపుల చరిత్ర గ్రంథం చెబుతుంది. బంగారు జరీ బట్టల్లో, కాళ్ల దగ్గర నెత్తురు తుడిచిన గుడ్డలతో ఆమె దొరికిందట. పాస్కల్ ఆ దేహాన్ని ట్రాస్టెవెరేకు తెచ్చి, కొత్తగా కట్టించిన బసిలికాలో బలిపీఠం కింద ఉంచాడు. ఆ బసిలికా వెనుకగోడ అర్ధగోళంలో రంగు ముక్కలు పొదిగి చేసిన మొజాయిక్ చిత్రంలో చేతిలో చర్చి నమూనా పట్టుకుని పాస్కల్ ఈనాటికీ కనిపిస్తాడు. తల వెనుక పరివేషం గుండ్రంగా కాక నలుచదరంగా ఉంటుంది. బొమ్మ వేసేనాటికి ఆ మనిషి ప్రాణాలతోనే ఉన్నాడని దాని అర్థం. గుర్తుల భాష ఎంత కచ్చితంగా నడిచేదో తెలియడానికి ఈ చదరం చాలు.

రెండో తేదీ 1599 అక్టోబరు 20. ఆ చర్చి బాధ్యత అప్పుడు కార్డినల్ పావొలో ఎమీలియో స్ఫొంద్రాతిది. పోప్ పద్నాలుగో గ్రెగరీకి అన్నదమ్ముల వైపు బంధువు, పాత అవశేషాలంటే ప్రాణం పెట్టే మనిషి. మరమ్మతుల్లో భాగంగా బలిపీఠం కింద తవ్విస్తుంటే పాలరాతి శవపేటికలు బయటపడ్డాయి. ఒకదాన్ని తెరిస్తే లోపల సైప్రస్ చెక్కతో చేసిన పెట్టె, అందులో పక్కకు ఒత్తిగిలి ఉన్న ఒక చిన్న దేహం. బంగారు జరీ బట్ట, కాళ్ల దగ్గర నెత్తుటి మరకల గుడ్డలు. పోప్ ఎనిమిదో క్లెమెంట్ అప్పుడు కీళ్లవాతంతో ఫ్రాస్కాతిలో ఉన్నాడు. ఆయన తన బదులు కార్డినల్ చేజారె బరోనియోను పంపాడు. బరోనియో అంటే ఆ కాలానికి క్యాథలిక్ సంఘ చరిత్రకు పెద్ద దిక్కు. ఎనిమిది వందల ఏళ్ల కిందట పాస్కల్ చూసిందీ ఇప్పుడు తాము చూస్తున్నదీ ఒకటేనని ఆయన తేల్చాడు. నెల రోజుల పాటు జనం విరగబడ్డారు. నవంబరు 22న, పండుగ రోజే, పోప్ స్వయంగా వచ్చి వెండి పెట్టెలో పెట్టించిన ఆ దేహాన్ని మళ్లీ బలిపీఠం కిందికి చేర్చాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది దాటేసి పోతారు. దేహం మీద కప్పిన పాత పల్చటి ముసుగును ఎవరూ తొలగించలేదు. భక్తితో, భయంతో అలాగే వదిలేశారు. చూసినవాళ్లంతా ఆ ముసుగు లోంచి కనిపించిన ఆకారాన్నే చూశారు. భూగర్భ సమాధుల పరిశోధకుడిగా పేరు పొందిన అంతోనియో బోసియో 1600లో ఈ సంఘటన వివరాలను అచ్చు వేశాడు. ఆయన రాతలోనూ అదే తేలుతుంది. అంటే మెడ మీద కోతను గానీ, ముఖాన్ని గానీ ఎవరైనా సూటిగా పరీక్షించారని చెప్పడానికి లేదు.

విగ్రహం ముందు నేల మీదున్న లాటిన్ ఫలకం మాత్రం అలా తడబడదు. సమాధిలో చెడకుండా పడి ఉన్న ఆ పరిశుద్ధ కన్యను నేను స్వయంగా చూశాను, సరిగ్గా అదే భంగిమలో ఈ పాలరాతిలో నీకోసం రూపం కట్టించాను అన్నది దాని సారాంశం. ఆ ‘నేను’ శిల్పి మదెర్నోనే అని పర్యాటకులకు చెప్పడం మామూలు. కార్డినల్ స్ఫొంద్రాతి గొంతు అనుకున్నా వాక్యం అంతే బాగా నప్పుతుంది. ఖర్చు పెట్టింది ఆయన, దొరికిన క్షణంలో అక్కడ ఉన్నదీ ఆయనే. ఎవరి మాటైనా ఒకటి మాత్రం స్పష్టం. ఈ విగ్రహం తనను తాను కళగా పరిచయం చేసుకోవడం లేదు. కోర్టులో సాక్షి ప్రమాణం చేసినట్టు మాట్లాడుతోంది.

అంత గట్టిగా ప్రమాణం చేయాల్సిన అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే అరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. ప్రొటెస్టెంట్ సంస్కర్తలు పునీతుల పూజను, అవశేషాలను, విగ్రహాలను దుమ్మెత్తి పోశారు. ఉన్న అవశేషాలన్నీ లెక్కవేస్తే ఒక్కో అపొస్తలుడికి నాలుగైదు శరీరాలు తేలతాయని 1543లో జాన్ కాల్విన్ ఎద్దేవా చేశాడు. ఉత్తర ఐరోపాలో ఎన్నో చర్చిల్లో విగ్రహాలు పగలగొట్టారు. దానికి జవాబుగా 1563 డిసెంబరులో క్యాథలిక్ బిషప్పుల ట్రెంట్ మహాసభ ఒక తీర్మానం చేసింది. పునీతులను వేడుకోవచ్చు, వేదసాక్షుల దేహాలను గౌరవించవచ్చు, బొమ్మలు ఉంచుకోవచ్చు అంది. అయితే ఆ బొమ్మల్లో తప్పుడు బోధ, మూఢనమ్మకం, విలాసం ఉండకూడదని షరతు పెట్టింది. అక్కడి నుంచి బిషప్పులకు, వేదాంతులకు బొమ్మల మీద ఒక కన్ను పడింది. ఆధారం లేని కట్టుకథల బొమ్మలు వేస్తే ప్రశ్నించే రోజులొచ్చాయి.

ఆ ఊపులోనే 1578లో వియా సలారియా పక్కన ఒక ద్రాక్షతోటలో నేల కుంగి, మరిచిపోయిన భూగర్భ సమాధుల సముదాయం ఒకటి బయటపడింది. కాల్విన్ వెక్కిరింతకు జవాబు తమ కాళ్ల కిందే ఉందని రోము వాళ్లకు అనిపించింది. తొలి క్రైస్తవులు, వాళ్ల సమాధులు, వాళ్ల గోడబొమ్మలు అన్నీ అక్కడే ఉన్నాయి. పైగా 1600 జూబిలీ సంవత్సరం, నలుమూలల నుంచి యాత్రికులు వచ్చే ఏడాది. దానికి సరిగ్గా రెండు నెలల ముందు సిసీలియా దొరికింది. మరీ అనుకున్నట్టు జరిగిందే అని ఇప్పటి పాఠకుడికి అనుమానం రావడం సహజం. కానీ అప్పటివాళ్లు దాన్ని దైవ సంకల్పం అనే చదువుకున్నారు. వాళ్ల లెక్క ప్రకారం, పుస్తకాల్లో ఉన్న మాటకు భూమిలోంచి రుజువు వచ్చింది.

ఆ ఏడాది రోము మనసులో ఇంకో తెగిన మెడ కూడా ఉంది. 1599 సెప్టెంబరు 11న, సిసీలియా సమాధి తెరవడానికి దాదాపు ఆరు వారాల ముందు, తండ్రిని చంపించిందన్న నేరం మీద బియాత్రిచె చెంచీ అనే యువతిని సాంత్ ఆంజెలో వంతెన దగ్గర జనం మధ్యలో తల నరికి చంపారు. తండ్రి పెట్టిన చిత్రహింసల కథలు ఊరంతా తెలుసు. క్షమాభిక్ష పెట్టమని ఎందరు అడిగినా వినని పోప్ ఇదే ఎనిమిదో క్లెమెంట్. ఈ రెండు సంఘటనలకూ నేరుగా ముడి వేసే పత్రం ఏదీ లేదు. అయినా శిల్పంలోని ఆ మెడను మొదటిసారి చూసిన రోము జనానికి బియాత్రిచె గుర్తుకు రాలేదంటే నమ్మడం కష్టం.

ఇక శిల్పాన్ని దగ్గరగా చదువుదాం. మొదట భంగిమ. ఐరోపా చర్చిల్లో సమాధుల మీద పడుకోబెట్టిన బొమ్మలు వందల్లో ఉన్నాయి. అవి వెల్లకిలా, ముఖం పైకి, చేతులు జోడించి, మడత నలగని బట్టలతో ఉంటాయి. చనిపోయినవాళ్లు పునరుత్థానం కోసం బుద్ధిగా ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది ఆ వరస. సిసీలియా అలా లేదు. ఎవరో సర్దిపెట్టిన దేహంలా కాక, పడిపోయిన చోటే ఉండిపోయిన దేహంలా ఉంది. చేతులు ఒకదాని మీద ఒకటి కాకుండా ముందుకు వాలిపోయాయి. పాదాలకు చెప్పులు లేవు. పల్చటి బట్ట నడుము దగ్గర, మోకాళ్ల దగ్గర ఒంటికి అతుక్కుని, మధ్యలో సన్నటి మడతలుగా జారింది. నిజం మనిషి కంటే కొంచెం చిన్నగా చెక్కడం వల్ల ఆ పడిపోవడంలోని నిస్సహాయత ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

రెండోది మెడ. కథలో మూడు వేట్లు ఉన్నాయి, తల సగం తెగింది. ఏ చిత్రకారుడికైనా ఇది నెత్తురు పారించే అవకాశం. మదెర్నో ఒక సన్నటి కోతతో సరిపెట్టాడు. వెతికితేనే కనిపిస్తుంది, కనిపించాక మాత్రం కన్ను అక్కడి నుంచి కదలదు. తలను అవతలికి తిప్పడానికి ముఖ్య కారణం ఇదేనని అనిపిస్తుంది. ముఖం మన వైపు ఉంటే మనం ముఖాన్నే చూస్తాం, గాయం పక్కకు పోతుంది. తల తిప్పేయడంతో మెడ ఒంటరిగా ముందుకొచ్చింది. ఒక్క చేష్టతో శిల్పి గాయాన్నే ఆమె గుర్తుగా మార్చేశాడు. లూసీకి కళ్లున్న పళ్లెంలా, లారెన్స్‌కు ఇనపచట్రంలా విడిగా చేతిలో పెట్టిన వస్తువు కాదు, దేహం మీదే ఉన్న గుర్తు అది.

మూడోది వేళ్లు. కుడిచేతి వేళ్లు మూడు చాచి ఉన్నాయి, ఎడమచేతిలో ఒక వేలు చాచి ఉంది. దేవుడు ముగ్గురు వ్యక్తులుగా ఒకే స్వభావంతో ఉన్నాడన్న త్రిత్వ విశ్వాసాన్ని, మాట్లాడలేని స్థితిలో, చివరి క్షణంలో చేతులతో ప్రకటించిందన్నది దీనికి చెప్పే అర్థం. బసిలికాకు వచ్చే ప్రతి బృందానికీ ఈ వివరణ వినిపిస్తుంది. మెడ గురించి చెప్పినంత గట్టిగా దీని గురించి చెప్పలేం. పట్టు సడలిన చెయ్యి సహజంగానే కొన్ని వేళ్లు ముడుచుకుని, కొన్ని చాచుకుని పడుతుంది. అయితే రెండు చేతుల్లో రెండు వేరు లెక్కలు అంత స్పష్టంగా ఉండటం యాదృచ్ఛికం అనుకోవడమూ కష్టమే. గట్టిగా చూపితే మళ్లీ పాత గుర్తుల పద్ధతిలోకి జారిపోయేది. సహజమైన చేతుల్లో దాచి పెట్టడంతో, నమ్మినవాడికి విశ్వాస ప్రకటన, నమ్మనివాడికి చచ్చిపడిన చెయ్యి కనిపిస్తాయి. శిల్పి తెలివి ఈ ఎటూ తేల్చని తీరులోనే ఉంది.

తలకు చుట్టిన గుడ్డకు ఇంత అర్థం వెతకనక్కర్లేదు. జుట్టు మెడ మీద పడకుండా పట్టి ఉంచుతుంది, గాయానికి అడ్డు లేకుండా చేస్తుంది.

విగ్రహం ఉన్న చోటును వదిలేస్తే సగమే చదివినట్టు. నల్లరాతి గూడు తెరిచిన సమాధిలాగా ఉంటుంది. ఆ నలుపులో తెల్లటి పాలరాయి తనకు తానే వెలుగుతున్నట్టు కనిపిస్తుంది. గూటి చుట్టూ రంగురాళ్లు, బంగారు పూత పూసిన లోహపు పని. దాని పైన బలిపీఠం, ఆ పైన 1293లో ఆర్నొల్ఫొ ది కాంబియో చెక్కిన గోతిక్ పందిరి. వీటన్నిటినీ దాటి చూపు కిందికి దిగితేనే సిసీలియా. ఆమెను సరిగా చూడాలంటే మోకరించాలి. భక్తుడి చేత ప్రార్థనా భంగిమ పట్టించే ఏర్పాటు ఇది. ఇందులో వేదాంతం కూడా ఉంది. దేవుని వాక్యం కోసం వధింపబడినవాళ్ల ఆత్మలు బలిపీఠం కింద కనిపించాయని ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో ఉంది. వేదసాక్షి సమాధి మీద బలిపీఠం కట్టడం, పీఠంలో అవశేషాలు ఉంచడం అనే పాత ఆచారానికి చర్చి చూపే ఆధారాల్లో ఆ వాక్యం ఒకటి. ట్రాస్టెవెరేలో ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టుగా కట్టి చూపించారు. పైన పూజలో క్రీస్తు బలి, కింద ఆయన కోసం బలైన మనిషి దేహం, దేహానికి ముందు దాని రాతి ప్రతిరూపం ఒకే వరుసలో ఉన్నాయి.

ఈ నిగ్రహం ఎంత అరుదైందో తెలియాలంటే అదే నగరంలోని సాంతో స్తెఫానో రొతొందోకు వెళ్లాలి. 1580లలో నిక్కొలో చిర్చిన్యానీ, ఆయన బృందం అక్కడి గోడల మీద వేదసాక్షుల మరణాలు వరసగా చిత్రించారు. మరిగే నూనె, కోసేసిన అవయవాలు, రాళ్ల కింద నలిగిన దేహాలు, ఒక్కోదానికీ అక్షరాలు వేసి కింద వివరణ. దూరదేశాలకు మతప్రచారానికి వెళ్లి చావుకు సిద్ధపడాల్సిన యువ గురువుల చదువు కోసం అవి వేశారు. అక్కడా ఉద్దేశం సాక్ష్యమే. కానీ ఇరవై బొమ్మలు చూసేసరికి కన్ను మొద్దుబారుతుంది. మదెర్నో ఒక్క కోతతో సాధించినది ఆ గోడలన్నీ కలిసి సాధించలేకపోయాయి.

సంగీతం మాటేమిటి? ఎక్కువమందికి సిసీలియా అంటే సంగీతకారుల పాలకపునీతురాలు. రోములోని ప్రసిద్ధ సంగీత అకాడమీ మూలాలు 1585 నాటివి, దానికి ఆమె పేరే ఉంది. ఈ బంధమంతా కథలోని ఒక చిన్న సందర్భం చుట్టూ అల్లుకుంది. పెళ్లిలో వాద్యాలు మోగుతుంటే ఆమె వాటిని పట్టించుకోకుండా లోలోపల దేవుణ్ని పాడుకుందట. అంటే అసలు సందర్భంలో ఆమె సంగీతానికి చెవి మూసుకున్న మనిషి. పూజాగీతాల్లో ఆ సందర్భం కుదించుకుపోయి, మధ్యయుగం చివరికి ఆమె చేతికి ఆర్గన్ వచ్చేసింది. ఇప్పుడు బొలోన్యాలో ఉన్న రఫాయెల్ చిత్రంలో రెండు అర్థాలూ కలిసి ఉంటాయి. సిసీలియా చేతిలో చిన్న ఆర్గన్ కిందికి జారుతుంటుంది, కాళ్ల దగ్గర విరిగిన వాద్యాలు పడి ఉంటాయి, చూపు మాత్రం పైన పాడుతున్న దేవదూతల మీద. స్ఫొంద్రాతికి ఈ చిత్రం బాగా ఇష్టం, గ్విదో రేనీ చేత దానికి నకలు కూడా వేయించుకున్నాడు. కథలోని వేడినీటి గది ఇదేనని చెప్పే ప్రార్థనాలయానికి సిసీలియా శిరచ్ఛేదం చిత్రాన్ని కూడా రేనీ చేతే గీయించాడు. అంటే పాత గుర్తుల మీద ఆయనకు కోపమేమీ లేదు. బలిపీఠం కింద, దేహం ఉన్న చోట మాత్రం అవి వద్దనుకున్నారు. నిజం దేహం దగ్గర చిహ్నాల అవసరం లేదన్న తర్కం అది.

శిల్పి అప్పటికి ఇరవైల్లో ఉన్నాడు. పురాతన గ్రీకు, రోమన్ శిల్పాల్ని చూసి మట్టిలో, కంచులో చిన్న నమూనాలు చేయడంలో చెయ్యి తిరిగినవాడు. హెర్క్యులిస్ కుస్తీ పట్టే బొమ్మలు ఆయన ఇష్టంగా చేసినవి. సాంతా మరియా మజ్జొరేలోని పావొలీనా ప్రార్థనాలయంలోనూ పనిచేశాడు. 1636లో పోయాడు. సిసీలియా తరువాత మళ్లీ అంతటి పని ఆయన చేతి నుంచి రాలేదు. ఒక్క శిల్పంతో మిగిలిపోయిన శిల్పి అనడం కఠినంగా ఉండొచ్చు, కానీ తప్పు కాదు.

విగ్రహానికి నకళ్లు చాలా వచ్చాయి. అందులో ఒకటి మరీ తెలిసిన చోట ఉంది. 1854లో జొవాన్నీ బత్తిస్తా దె రొస్సీ అనే పురావస్తు శాస్త్రవేత్త వియా ఆప్పియా దగ్గరి సాన్ కల్లిస్తో భూగర్భ సమాధుల్లో, పోపుల సమాధుల గదికి ఆనుకుని ఉన్న సిసీలియా గదిని గుర్తించాడు. అక్కడి ఖాళీ గూటిలో ఇప్పుడు మదెర్నో శిల్పానికి నకలు పెట్టారు. యాత్రికులు తీసుకొచ్చే ఫొటోల్లో ఏది ఏదో తేల్చుకోవాలంటే చుట్టూ చూడాలి. రంగురాళ్లు, బలిపీఠం ఉంటే అసలు. గరుకు మట్టిగోడ ఉంటే నకలు.

నకళ్ల కంటే ముఖ్యమైంది ఈ భంగిమ వేసిన ముద్ర. బలిపీఠం కింద పక్కకు ఒరిగిన వేదసాక్షి అనేది పదిహేడో శతాబ్దపు రోములో ఒక సంప్రదాయమే అయిపోయింది. సాన్ సెబాస్తియానోలో జుసెప్పె జొర్జెత్తీ చెక్కిన సెబాస్టియన్ ఒంట్లో బాణాలతో పడి ఉంటాడు. సాంత్ అనస్తాసియాలో అనస్తాసియా, కట్టెల మీద. తరువాతి శతాబ్దాల్లో ఇదే ఆలోచన చవకగా దిగివచ్చింది. ఎముకల చుట్టూ మైనంతో బొమ్మ చేసి, పట్టుబట్టలు కట్టి, అద్దాల పెట్టెలో పెట్టడం ఐరోపా అంతటా మామూలైంది. మన దేశంలో బలిపీఠం దగ్గర వేదప్రచారకుడి దేహాన్ని చూడాలంటే పాత గోవాలోని బోం జీసస్ బసిలికాకు వెళ్లాలి. అక్కడి ఏర్పాటు వేరు. 1552లో చనిపోయిన ఫ్రాన్సిస్ జేవియర్ దేహం వెండిపేటికలో ఎత్తున ఉంటుంది. దాని కింద ఫ్లోరెన్స్ శిల్పి జొవాన్నీ బత్తిస్తా ఫొజ్జీనీ చేయగా 1698లో అమర్చిన పాలరాతి కట్టడం ఉంది. అక్కడ దేహమే కనిపించాల్సింది, రాయి దానికి పీఠం. ట్రాస్టెవెరేలో దేహం వెనక్కి వెళ్లి, రాయే దేహం బదులు ముందుకొచ్చింది.

మదెర్నో దారిలో నడిచిన శిల్పులు ఆ పక్కకు ఒరిగిన భంగిమను తీసుకున్నారు, ముఖం దాచడాన్ని మాత్రం తీసుకోలేదు. సెబాస్టియన్ ముఖం కనిపిస్తుంది, అనస్తాసియా ముఖమూ కనిపిస్తుంది. ట్రాస్టెవెరేలోనే, సాన్ ఫ్రాంచెస్కో ఆ రీపా చర్చిలో, శిల్పి బెర్నీనీ 1671–74 మధ్య చెక్కిన ధన్య లుదొవీకా అల్బెర్తోనీ అయితే పూర్తిగా తిరగబడ్డ సిసీలియా. తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, ఒక చెయ్యి రొమ్ము మీద అదుముకుని, పరుపు మీద మెలికలు తిరుగుతూ ఉంటుంది. లుదొవీకాను ఎవరూ చంపలేదు. పేదలకు సేవ చేసి, 1533లో జబ్బుతో పోయింది. చూపడానికి ఆమె దేహం మీద గాయం లేదు. కాబట్టి దేవుడితో ఆమెకున్న సంబంధం మొత్తాన్ని బెర్నీనీ ముఖంలోనూ ఆ చేతిలోనూ నలిగిన బట్టలోనూ చూపించాల్సి వచ్చింది.